లోకంలో ఎన్ని తాళంచెవులు

మా బావమరిది ఒకసారి నిలువెత్తు మనిషిని ఫోనులో పెట్టి బయట గొళ్ళెం వేశాడు. నా కళ్ళతో చూశాను. లోపల్నుంచి ఆ మనిషి బాదుతుంటే బయట నిలబడి విన్నాను.

సరే, ఫోనులో అంటే మరీ ఫోనులో కాదు, గదిలో. నేను చదివిన కాన్వెంటులో అబద్ధమాడితే సిస్టరుగారు నాలుక మీద సబ్బు రుద్దేవారు. నా ఒక్కడి వల్లే ఆ బడికి సబ్బు ఖర్చు పెరిగిందని అనేవారు. ఆ రుచి ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొచ్చి కాస్త వెనక్కి తగ్గుతుంటాను. కాబట్టి గది అనే అనుకోండి. కానీ ఆ మనిషిని చెయ్యి పట్టుకుని ఆ గదిదాకా నడిపించుకొచ్చింది మాత్రం ఫోనే. ఆ మాట వెనక్కి తీసుకోను.

మా బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు. తాళాలు బాగుచేస్తాడు. బట్టల షాపుకీ మందుల షాపుకీ మధ్య, మెట్ల కింద, ఒక మనిషి నిలబడితే ఇంకో మనిషి బయటే ఆగాల్సినంత కొట్టు అతనిది. గోడ నిండా మేకులకి తాళంచెవులు వేలాడుతుంటాయి. గాలి వీస్తే అవి కదిలి ఒక చప్పుడు చేస్తాయి. ఆ కొట్టులో ఎక్కువగా మాట్లాడేవి అవే. అతన్ని అందరూ గొళ్ళెం అంటారు. చేసే పనిని బట్టి ఆ పేరొచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. కాదు, నోటిని బట్టి వచ్చింది. నా నోట్లో నువ్వుగింజ నానదు. అతని నోట్లో నువ్వులబస్తా వేసినా మొలక కూడా బయటికి రాదు.

వృత్తిలో అతనికి రెండు నియమాలుండేవి. ఎవరైనా తాళం మార్చమని వస్తే ముందు ఒక ప్రశ్న అడిగేవాడు: "ఈ తలుపుకి లోకంలో ఎన్ని తాళంచెవులున్నాయి?" పనిమనిషి దగ్గర ఒకటి, పాత అద్దెవాడి దగ్గర ఒకటి అని వాళ్ళు తడుముకుంటూ లెక్క చెప్పేదాకా పనిముట్టు ముట్టుకునేవాడు కాదు. రెండోది, ఎవరి ఇంటికి పనికెళ్ళినా ఆ గడప ఇంకొకర్ని దాటనిచ్చేవాడు కాదు. ఒకసారి ఎండలో నేను దాహమని వెళ్తే, గ్లాసుతో నీళ్ళు గుమ్మం బయటికి తెచ్చిచ్చి, "అక్కడే తాగు బావా" అన్నాడు.

ఇక ఫోన్ల సంగతి. వాటిలో రెండు పార్టీలున్నాయని మీకు తెలుసు. అసలు పేర్లు చెబితే ఇరుపక్షాలవాళ్ళూ మా ఇంటిమీదికొస్తారు, అందుకని మా ఇంట్లో వాడే పేర్లే చెప్తాను: కోట, సంత. కోట ఫోనుకి ఒకటే ద్వారం, ఒకడే కాపలావాడు. లోపల అన్నీ సర్ది ఉంటాయి. మీరు కుర్చీ జరపాలన్నా ఆలోచిస్తారు. సంత ఫోన్లు చేసేవాళ్ళు బోలెడుమంది. చవకదీ దొరుకుతుంది, ఖరీదుదీ దొరుకుతుంది. ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు, కానీ ఎవరి జేబు వాళ్ళే చూసుకోవాలి. మా ఆవిడది కోట, నాది సంత. మా కాపురంలో మిగిలిన తగాదాలన్నీ ముసలితనంతో సద్దుమణిగాయి, ఇదొక్కటే వయసులో ఉంది.

"నీ కోటలో గోడకి మేకు కొట్టాలన్నా దొరగారి అనుమతి కావాలి."

"మీ సంతలో మీరు జేబు పోగొట్టుకుని వచ్చినా మీకు తెలీదు. వారం నుంచీ ఆ ఫోనులో ఏదో లాటరీ తగిలిందని గంట మోగుతోంది, చూసుకున్నారా?"

ఏ ఫోను కొనాలని కొట్టుకి వచ్చినవాళ్ళు గొళ్ళేన్ని కూడా అడిగేవాళ్ళు. తాళాలవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని. అతను రెండూ చేతిలో తూచినట్టు పట్టుకుని, "కోట తాళం బిగువు. సంత తాళం కొన్నవాడి జాగ్రత్తని బట్టి" అనేవాడు. అంతే. అదే అతనికి ఉపన్యాసం.

అతనికి ఒక్కతే కూతురు. వాళ్ళమ్మ పోయాక ఆ కొట్టులోనే ఆకురాయి రజను మధ్య పెరిగింది. కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుంది. ఫర్నిచరు షోరూము మేనేజరుతో పెళ్ళయింది. అల్లుడు మాట నెమ్మది, చొక్కా ఇస్త్రీ నలగదు, చెప్పులు విడిస్తే రెండూ ఒక గీత మీద ఉంటాయి. పెళ్ళైన కొత్తలోనే భార్యకి కోట ఫోను కొనిచ్చాడు. "మామయ్యగారూ, ఈ రోజుల్లో ఆడపిల్లకి భద్రత ముఖ్యం" అన్నాడు. గొళ్ళేనికి ఆ మాట నచ్చింది.

కొన్నాళ్ళకి అల్లుడే కొట్టుకొచ్చి, పడగ్గది తలుపుకి బయటివైపు ఒక గొళ్ళెం కావాలన్నాడు. "మేమిద్దరం బయటికెళ్ళినప్పుడు కిటికీలోంచి పిల్లులు దూరి ఇల్లంతా తిరుగుతున్నాయండీ." గొళ్ళెం తన దగ్గరున్న వాటిల్లో గట్టిది ఏరి, వెళ్ళి బిగించి వచ్చాడు. తలుపు దగ్గర వెలుతురు చాలకపోతే కూతురే ఫోను దీపం వేసి పట్టుకుందట. ఇంకో స్క్రూ వెయ్యి నాన్నా, ఊగుతోంది అని కూడా అందట. దానికీ పిల్లులనే చెప్పాడు మరి.

ఒకరోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి భుజాన సంచితో, చేతిలో ఫోనుతో కొట్టు ముందుకొచ్చి నిలబడింది. నేనప్పుడు అక్కడే మెట్టుమీద కూర్చుని ఎవరికో కథ చెబుతున్నాను. దాని ముఖం చూసి కథ మధ్యలో ఆపేశాను. నా జీవితంలో అలా ఆపింది అదొక్కసారే.

"నాన్నా, ఆ ఇంట్లో పిల్లుల్లేవు" అంది.

గొళ్ళెం చేతిలో ఆకురాయి అలాగే ఆగిపోయింది. దాన్ని కింద పెట్టి, కూతురి భుజాన ఉన్న సంచి అందుకున్నాడు. పనికి వెళ్ళేటప్పుడు అల్లుడు దాన్ని గదిలో ఉంచి బయట గొళ్ళెం వేసుకుని వెళ్ళేవాడనీ, షాపుకి సెలవు పెట్టించేవాడనీ తర్వాత మా ఆవిడ రాబట్టింది. ఆ రోజు ఆయన గొళ్ళెం సగమే దిగేలా వేశాడట, తలుపు ఊపితే వదిలిందట.

ఊరి ఇంకో చివర ఒక గది అద్దెకి తీసుకున్నాం. ఎక్కడో మా ముగ్గురికే తెలుసు: గొళ్ళేనికి, నాకు, మా ఆవిడకి. తలుపుకి కొత్త తాళం, కిటికీకి కొత్త గడియ. కళ్ళద్దాల షాపువాళ్ళు పాపం మంచివాళ్ళు, వాళ్ళ ఇంకో బ్రాంచికి మార్చారు. గొళ్ళేనికి కావాల్సింది ఒకటే. ఆ అమ్మాయి ఎక్కడుందో అల్లుడికి తెలియకూడదు.

"ఈ ఫోను కూడా మార్చెయ్యాలి" అన్నాడు.

అప్పుడు మా ఇంట్లో రెండు పార్టీలూ రంగంలోకి దిగాయి.

"కోటదే మళ్ళీ కొను తమ్ముడూ" అంది మా ఆవిడ. "పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే అన్నీ వాటంతటవే ఇందులోంచి అందులోకి వెళ్ళిపోతాయి. దాని వాళ్ళమ్మ ఫోటోలున్నాయి. ఒక్కటి కూడా పోదు."

"సంతది కొనవయ్యా" అన్నాను నేను. నిజం చెప్పాలంటే నా దగ్గర కారణమేమీ లేదు, పార్టీ పట్టుదల తప్ప. "కొత్త బతుకు, కొత్త ఫోను."

"సంతలోకి మారితే సగం సామాను దారిలోనే పడిపోతుంది, ఈయన మాట వినకు."

గొళ్ళెం తాళాలవాడు. బిగువైన తాళమే ఎంచుకున్నాడు. కొత్త కోట ఫోను వచ్చింది. రెండిటినీ బల్లమీద పక్కపక్కన పడుకోబెట్టారు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి అంతా నిశ్శబ్దంగా ప్రవహించింది. వాళ్ళమ్మ ఫోటోలు, పాటలు, నంబర్లు, అలారాలతో సహా. ఒక్క చుక్క ఒలకలేదు. మేం ముగ్గురం బల్ల చుట్టూ నిలబడి సంతోషంగా చూశాం.

ఎక్కువ రోజులు పట్టలేదు. అల్లుడు కొట్టుకి వచ్చాడు, అదే ఇస్త్రీ చొక్కాతో. ఏడవలేదు, అరవలేదు. ఒక చిన్న తాళంకప్ప కావాలని అడిగి, అటూ ఇటూ తిప్పి చూసి, చిల్లర ఇచ్చి, వెళ్తూ వెళ్తూ ఆగాడు.

"ఆ మలుపులో బేకరీ ఉందట కదా మామయ్యగారూ. రొట్టె బాగుంటుందా?"

కూతురి గది కింద మలుపులో బేకరీ ఉంది.

ఆ సాయంత్రం గొళ్ళెం మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి నా వైపు చూశాడు.

"ఎవరికి చెప్పావు బావా?"

"దేవుడి మీద ఒట్టు, ఎవరికీ చెప్పలేదు."

"ఒట్టు వద్దు. ఎవరికి?"

నా నోరు అలాంటిదని నాకు తెలుసు. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం దానికి కుట్లు వేసుకున్నాను. ఎంత చెప్పినా నమ్మలేదు. జీవితమంతా ప్రతి మాటకీ తోకలు అతికించి కథలు చెప్పినవాడు నిజం చెబితే వినేవాడెవడు? మా ఆవిడ కూడా నా వైపు అదోలా చూసింది. రెండు రోజులు నాకు అన్నం వడ్డించింది గానీ మాట వడ్డించలేదు.

తర్వాత స్వెటరు వచ్చింది. అమ్మాయి పనినుంచి గదికొచ్చేసరికి తలుపు పిడికి ఒక కాగితపు సంచి వేలాడుతోంది. లోపల, తను ఆ ఇంట్లో వదిలేసి వచ్చిన స్వెటరు. ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఉంది. ఊడిన బొత్తాం కూడా కుట్టి ఉంది. తాళం మీద గీత కూడా లేదు. తలుపు ముట్టుకున్న జాడే లేదు. 'చలి వస్తోంది కదా' అని ఫోనుకి సందేశం.

ఆ రాత్రికే అమ్మాయిని మా ఇంటికి తెచ్చేశాం. మర్నాడు గొళ్ళెం ఆ కొత్త ఫోనుని మా వంటింటి బల్లమీద, మరమ్మతుకొచ్చిన తాళంలాగా పెట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత నెమ్మదిగా, ఎవర్నీ కాకుండా, దాన్నే అడిగాడు.

"దీనికి లోకంలో ఎన్ని తాళంచెవులున్నాయి?"

ప్రతి తలుపుకీ అడిగే ప్రశ్న. ఈ తలుపుకి అడగడం మర్చిపోయాడు.

అమ్మాయి ఒక్కొక్క పేజీ తెరుస్తూ పోయింది. ఒకచోట 'కుటుంబం' అని ఉంది. పైన గుండ్రని ఫోటోలో అల్లుడు నవ్వుతున్నాడు, పక్కన 'నిర్వాహకుడు' అని. కింద చిన్న ఫోటోలో అమ్మాయి. దాని కింద ఒక వాక్యం: తను ఎక్కడుందో ఆయనతో ఎప్పటికప్పుడు పంచుకుంటోంది. మొదటి ఫోను కొనిచ్చిన రోజే పక్కన కూర్చుని ఆయనే పెట్టించాడట. పాత ఫోనులోంచి అలారాలతో పాటు ఆయన కూడా ప్రవహించి వచ్చేశాడు. మా ముగ్గురి కళ్ళముందే, ఒక్క చుక్క ఒలక్కుండా.

కోటవాళ్ళు నామీద పడకముందే ఒక మాట. గోడలో బీటేమీ లేదు. తప్పిపోయిన పిల్లల్ని తల్లులు వెతుక్కోవడానికి పెట్టిన ఏర్పాటు అది. సంతలోనూ అలాంటిది ఉంది. కాపలావాడు ఇంటి యజమాని ఎవరని అడిగాడు, ఈ పిల్ల మొగుడి వైపు చూపించింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాపం ఫోనెక్కడ పడుతుంది?

"తీసెయ్యమంటావా నాన్నా? ఇక్కడ నొక్కితే పోతుంది."

"వద్దు" అన్నాడు గొళ్ళెం. "పోతే వాడికి తెలుస్తుంది."

అన్నాళ్ళూ అల్లుడుగారూ అన్నవాడు వాడు అనడం నేను మొదటిసారి విన్నాను.

ఆ రోజే అమ్మాయికి సంత ఫోను కొన్నాం. కొత్త నంబరు, ఖాతాకి కొత్త పేరు. పాతదాని పక్కన పెట్టలేదు. వాళ్ళమ్మ ఫోటోలు మాత్రం ఒక్కొక్కటి నేనే నా ఫోనుతో ఫోటో తీసి పంపాను, కొన్నిటిలో నా బొటనవేలు పడింది. మిగతావి ఏవీ రాలేదు. పాటలు రాలేదు, అలారాలు రాలేదు. అక్షరాలు ఎక్కడున్నాయో దొరక్క అది విసుక్కుంటూ కూర్చుంది. దారిలో సగం సామాను పడిపోతుందని మా ఆవిడ చెప్పింది నిజమే. పడిపోవాల్సింది కూడా ఆ సగంలోనే ఉంది. నా పార్టీ గెలిచింది. అంత భయంలో గెలుపు రుచి తెలియలేదు.

కోట ఫోను గొళ్ళెం జేబులో ఉండిపోయింది.

తర్వాత ఒకరోజు పొద్దున్న, "పని ఉంది, వస్తావా బావా" అని పిలిచాడు. నన్ను అనుమానించినవాడు పిలిస్తే పొంగిపోయి వెళ్ళాను. ఎవరో పెద్దమనిషి వేరే ఊరు వెళ్ళిపోతూ ఖాళీ ఫ్లాటు తాళాలు మార్చమని అప్పగించాడట. పై అంతస్తు. పక్క ఫ్లాటు కూడా ఖాళీ. గొళ్ళెం వీధితలుపు తెరిచి లోపలికెళ్ళాడు. నేను అలవాటుగా గడప బయటే ఆగాను.

"లోపలికి రా బావా" అన్నాడు.

నిజం చెప్తున్నాను, అల్లుడు కొట్టుకొచ్చినప్పుడు కూడా నాకంత భయం వెయ్యలేదు.

లోపలి గది తలుపుకి బయటివైపు ఒక గొళ్ళెం బిగించాడు. అదే రకం, అదే కంపెనీ. ఒక స్క్రూ ఊగితే ఇంకోటి వేశాడు. జేబులోంచి కోట ఫోను తీసి ఆ గది కిటికీలో పెట్టాడు. వీధితలుపు ఓరగా వదిలేసి, నన్ను తీసుకెళ్ళి మేడమెట్ల మలుపులో కూర్చోబెట్టాడు.

"ఏం చేద్దామని?"

"ఏం లేదు. పని సరిగ్గా చేశానో లేదో చూద్దామని."

ఎండ మెట్లమీద ఒక్కొక్క మెట్టూ దిగుతోంది. కింద ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు. తర్వాత అడుగులు. తొందర లేని అడుగులు. తన చేతిలోని తెరవైపు చూసుకుంటూ, ఇంకో చేతిలో ఇంకో కాగితపు సంచితో అల్లుడు పైకొచ్చాడు. ఓరగా ఉన్న తలుపు చూసి ఆగి, చిన్నగా నవ్వుకున్నాడు. లోపలికెళ్ళాడు. "బంగారం, నేనే" అన్నాడు. ఆ గొంతులో ఎంత ప్రేమ ఉందో చెబితే మీరు నమ్మరు.

గొళ్ళెం లేచాడు. అంత లావు మనిషి, చప్పుడు లేదు. లోపలి గది తలుపు మూసుకుంది. గొళ్ళెం పడింది. నూనె రాశాడు కాబట్టి అది కూడా చప్పుడు చెయ్యలేదు.

"ఏయ్! ఎవరది? ఇవేం ఆటలు?" తలుపు అదిరింది. కొంతసేపు బాదాడు. తర్వాత కిటికీలో ఫోను కనబడ్డట్టుంది, ఆగిపోయాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ నెమ్మది గొంతు వచ్చింది.

"మామయ్యగారూ... మీరున్నారా?"

"ఉన్నాను బాబూ."

"తలుపు పడిపోయిందండీ."

"పడలేదు. వేశాను."

"పోలీసులకి ఫోన్ చేస్తాను."

"చెయ్యి. నీ దగ్గర ఒకటుంది, కిటికీలో ఇంకోటుంది, ఏది బాగా పలికితే దాంతో చెయ్యి. ఎవరిల్లని అడుగుతారు. ఎందుకొచ్చావని అడుగుతారు. ఇక్కడుందని ఎవరు చెప్పారని అడుగుతారు. జవాబు కూడబలుక్కుని చెయ్యి."

లోపల్నుంచి తలుపుని ఒకసారి నెట్టి చూశాడు.

"మీకేం కావాలి?"

"నాకేం వద్దు. పిల్లులన్నావుగా అప్పుడు. గొళ్ళెం ఆగుతుందో లేదో చూస్తున్నాను."

అలా అని పనిముట్లు ఒక్కొక్కటి తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. లోపల్నుంచి బతిమాలడం మొదలైంది. ఇంకెప్పుడూ రాననీ, చూడననీ, తప్పయిపోయిందనీ. కాసేపటికి మాటలు పోయి గొంతు మాత్రం మిగిలింది. గొళ్ళెం సంచి భుజాన వేసుకుని వీధితలుపు వైపు నడిచాడు.

"పద బావా, భోజనానికి వేళవుతోంది."

"మరి ఇతను?"

"ఎవరు?"

ముఖం చూశాను. హాస్యం లేదు. ఆ ఫ్లాటుకి కొత్త తాళం వేసి, తాళంచెవులు రెండూ జేబులో వేసుకుని, ఆ పెద్దమనిషి ఎప్పుడొస్తే అప్పుడు ఇచ్చేసి ఊరుకోగలడని నాకు అర్థమైంది. ఆయన ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు.

"గొళ్ళెం! నీ కూతురు మొహం చూడగలవా రేపు?"

అతను ఆ తలుపు వైపు చూశాడు. "తియ్యాలనుంటే నువ్వు తియ్యి బావా" అన్నాడు. "గొళ్ళేనికి తాళం వెయ్యలేదు. నా చెయ్యి మాత్రం రావడం లేదు."

నేనే తీశాను. అల్లుడు చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయి ఉంది. నా వైపు చూడలేదు, మామ వైపు అసలే చూడలేదు. మమ్మల్ని రాసుకుంటూ మెట్లు దిగిపోయాడు. తెచ్చిన సంచి లోపలే పడి ఉంది. అందులో ఆడవాళ్ళ చెప్పుల జత, ఒక గీత మీద.

గొళ్ళెం ఆ తలుపునించి గొళ్ళెం విప్పి, కన్నాలకి లప్పం పెట్టి, రంగు కూడా కలిపి వేశాడు. ఆ తర్వాత అల్లుడు మళ్ళీ రాలేదు. రాలేదనే అనుకుంటున్నాం. అమ్మాయి ఇప్పుడు ఇంకోచోట ఉంటోంది. ఎక్కడో నాకు చెప్పొద్దన్నాను, చెప్పలేదు. కొత్త ఫోను అలవాటైందట. ఎవరైనా ఏ ఫోను కొనాలని కొట్టుకొస్తే గొళ్ళెం ఇప్పుడు బిగువు గురించి మాట్లాడడు. "ముందు ఎవరు కొనిపెడుతున్నారో చెప్పు" అంటాడు.

ఇదంతా రాసి, అచ్చుకి పంపేముందు కొట్టుకెళ్ళి అతనికి చదివి వినిపించాను. ఒక తాళంచెవికి పళ్ళు అరగదీస్తూ మొత్తం విన్నాడు. రజను ఊది, వెలుతురుకి పెట్టి చూసుకున్నాడు.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు" అన్నాడు. "నేను ఏ ఫ్లాటుకీ వెళ్ళలేదు. కస్టమరు గడప ఇంకొకర్ని దాటనిస్తానా నేను? ఏ తలుపుకీ లప్పం పెట్టలేదు. నా దగ్గర కోట ఫోను లేదు."

"మరి అల్లుడు?"

"నాకు అల్లుడే లేడు."